కొత్త సదుపాయం అడగడం ఎలా: వీఎల్‌సీ, ఆడాసిటీ వాడే డెల్టా స్టూడియోల కోసం

రాజమహేంద్రవరం మొదలుకొని అటు అంతర్వేది వరకూ, ఇటు భీమవరం, నరసాపురం వరకూ ఏ ఊరి ఫోటో స్టూడియోలో కంప్యూటరు తెరిచినా వీడియోలు చూపే వీఎల్‌సీ ప్లేయరు కనిపిస్తుంది. హరికథలు, భజనలు, ఉత్సవాల మేళాలు రికార్డు చేసేవారి దగ్గర ఆడాసిటీ ఉంటుంది. పెళ్ళి వీడియోలు కూర్చేవారిలో కొందరు కేడెన్‌లైవ్‌కు అలవాటు పడ్డారు; గుడిలో కల్యాణాన్ని నేరుగా ప్రసారం చేసేవారికి ఓబీఎస్ లేకపోతే చేయి ఆడదు. ఇవన్నీ ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్లు, అంటే మూల కోడు అందరికీ కనిపించేవి, ఎవరైనా మార్చుకోగలిగినవి. వీటిని వాడే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఒక్క సదుపాయం కూడా ఉంటే పని ఎంత తేలికయ్యేదో అనిపిస్తుంది. ఆ కోరికను తయారుచేసేవారికి ఎలా చేరవేయాలో, వారు దాన్ని ఏ వరుసలో పెడతారో, ఆ వరుసలో మన మాట ముందుకు జరగాలంటే మన వైపు నుంచి ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

గట్టిగా అడిగినవారి కోరికో, ఎక్కువమంది ఓటు వేసిన కోరికో నెరవేరుతుందని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసినంతలో తేల్చేది అది కాదు. ఈ సదుపాయాన్ని చేర్చిన తరువాత ఏళ్ళ తరబడి దాన్ని ఎవరు చూసుకుంటారనే ప్రశ్న ప్రతి డెవలపరు మనసులోనూ ఉంటుంది. ఆ ప్రశ్న బరువును కాస్తయినా తగ్గించే అభ్యర్థన నిలుస్తుంది, తగ్గించనిది మూలపడుతుంది.

అడుగుతున్నది ఎవరిని

వీఎల్‌సీ 1996లో పారిస్‌లోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2001లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్సు లైసెన్సు కింద అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు దాన్ని వీడియోలాన్ అనే లాభాపేక్ష లేని సంఘం నడుపుతోంది. డౌన్‌లోడ్లు 600 కోట్లు దాటాయని 2025 జనవరిలో ఆ సంఘం ప్రకటించింది. కోడును కంటికి రెప్పలా చూసుకునే ప్రధాన బృందం మాత్రం చాలా చిన్నది. ఆడాసిటీ 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది, 2021 నుంచి మ్యూజ్ గ్రూపు చేతిలో ఉంది, అక్కడ జీతం తీసుకుని పనిచేసే ప్రోగ్రామర్లు ఉన్నారు. ఇంట్లోని సినిమాలను టీవీకి అందించే జెల్లీఫిన్ 2018 డిసెంబరులో అదే పని చేసే ఎంబీ అనే సాఫ్ట్‌వేరు నుంచి విడిపోయి పుట్టింది, దాన్ని స్వచ్ఛందంగా పనిచేసేవారే నడుపుతున్నారు. ఈ తేడా ముందుగా తెలుసుకోవడం అవసరం. జీతం ఇచ్చే సంస్థ ఉన్నచోట ఏడాదికి ఏం చేయాలో ఒక ప్రణాళిక ఉంటుంది కాబట్టి మీ కోరిక ఆ ప్రణాళికలో ఇమడాలి. స్వచ్ఛంద బృందమైతే ఒక మనిషికైనా ఆ పని మీద మనసు పుట్టాలి.

డెల్టా రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పంటకాలువకు కొత్త తూము పెట్టడం ఒక వేసవి పని. కాలువలు కట్టేసిన ప్రతి వేసవిలోనూ ఆ తూము దగ్గర పూడిక తీయడం, తలుపు బాగుచేయడం మాత్రం ఎప్పటికీ తీరని పని. కొత్త సదుపాయానికి కోడు రాయడం తూము పెట్టడమైతే, ఆ తరువాత విండోస్ మారినప్పుడూ, ఆండ్రాయిడ్ కొత్త నిబంధనలు తెచ్చినప్పుడూ, కొత్త రకం ఫైళ్ళు వచ్చినప్పుడూ దాన్ని పనిచేయించడమే ఆ పూడికతీత. డెవలపర్లు వద్దన్న కోరికల్లో చాలావాటి వెనుక ఉన్న కారణం ఇదే.

వారి వరుసలో అన్నిటికన్నా ముందు ఉండేది భద్రత. ఎవరో ఇచ్చిన ఫైలును తెరవడమే మీడియా ప్లేయరు పని కనుక, కావాలని చెడగొట్టిన ఒక వీడియో ఫైలు ద్వారా కంప్యూటరులోకి చొరబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పెన్‌డ్రైవులు పది చేతులు మారే మన స్టూడియోలకు ఇది చిన్న విషయం కాదు. 2019లో వచ్చిన వీఎల్‌సీ 3.0.7లో, యూరోపియన్ కమిషన్ నిధులతో నడిచిన, లోపాలు కనిపెట్టినవారికి బహుమతి ఇచ్చే పథకం ద్వారా బయటపడిన భద్రతా లోపాలను పెద్దసంఖ్యలో సరిచేశారు. అటువంటి పని ముందున్నప్పుడు కొత్త బటన్ల గురించి ఎవరూ ఆలోచించరు.

భద్రత తరువాత, చేసిన పని పోకుండా కాపాడడం. పాత ఆడాసిటీలో ఒక ప్రాజెక్టు అంటే చిన్న ఏయూపీ ఫైలు, దాని పక్కన వేల కొద్దీ చిన్న ముక్కలు దాచుకునే డేటా ఫోల్డరు. ఏయూపీ ఫైలును మాత్రమే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, ఫోల్డరును చెరిపేస్తే రికార్డింగు మొత్తం పోయినట్టే. రాత్రంతా కూర్చుని రికార్డు చేసిన హరికథ అలా పోతే మళ్ళీ పాడించుకోవడం కుదిరే పని కాదు. 2021 మార్చిలో వచ్చిన 3.0తో ప్రాజెక్టు మొత్తం ఏయూపీ3 అనే ఒకే ఫైలులోకి వచ్చింది. ఫైళ్ళను దాచే పద్ధతిని అడుగు నుంచి మార్చవలసి వచ్చిన పని అది. పాట వింటూనే ఎఫెక్టును మార్చుకునే వీలు, అంతకుముందు ఏళ్ళ తరబడి వినియోగదారులు అడుగుతూ వచ్చినది, 2022లో 3.2తో గానీ రాలేదు.

కొన్నిసార్లు అడ్డు కోడులో ఉండదు, చట్టంలో ఉంటుంది. ఆడాసిటీ నుంచి నేరుగా ఎంపీ3 తీయాలంటే లేమ్ అనే ఎన్‌కోడరును విడిగా తెచ్చి పెట్టుకోవలసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అది నిర్లక్ష్యం వల్ల జరిగినది కాదు. ఎంపీ3 మీద పేటెంట్లు ఉండేవి. వాటి లైసెన్సు కార్యక్రమం 2017 ఏప్రిల్‌లో ముగిసింది, 2019లో వచ్చిన 2.3.2 నుంచి లేమ్ ఆడాసిటీతో పాటే రావడం మొదలైంది. కాబట్టి ఒక సదుపాయం ఏళ్ళ తరబడి రాకపోతే, అడ్డం ఏమిటో ముందుగా వెతికి తెలుసుకోవాలి.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. వీఎల్‌సీ తన వినియోగదారులు ఏం చూస్తున్నారో, ఏ బటను నొక్కుతున్నారో గమనించదు. ఆడాసిటీలో వాడకపు వివరాలు సేకరించే ప్రతిపాదన 2021లో వచ్చినప్పుడు వినియోగదారులు గట్టిగా వ్యతిరేకించారు, ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు. మన మీద నిఘా ఉండకూడదని కోరుకోవడం న్యాయమే. అయితే దాని పర్యవసానంగా, అమలాపురంలో తెలుగు సబ్‌టైటిళ్ళు పెట్టుకుని వీడియోలు చూసేవారు ఎందరున్నారో, వారికి ఏ ఇబ్బంది ఉందో తయారుచేసేవారికి తెలిసే దారి లేదు. ఎవరో ఒకరు రాసి చెబితేనే తెలుస్తుంది. శ్రద్ధగా రాసిన ఒక్క అభ్యర్థనకు అంత విలువ ఉండడానికి కారణం ఇదే.

అడిగే ముందు వెతకవలసినవి

కోరుకున్న సదుపాయం ఇప్పటికే ఉండే అవకాశాన్ని తక్కువగా అంచనా వేయకండి. ఉదాహరణకు, పందిట్లో జనరేటరు పక్కన రికార్డు చేసిన హరికథలో సన్నని గుమ్మనే మోత వినిపిస్తుంది. మోత తీసే సదుపాయం పెట్టండని ఆడాసిటీ వారికి రాయబోయేవారు, ఎఫెక్టుల జాబితాలోని నాచ్ ఫిల్టరును చూడాలి. అది తెరవగానే 60 హెర్ట్జ్ కనిపిస్తుంది, ఎందుకంటే అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. మన దేశంలో 50 కాబట్టి, ఆ అంకెను మార్చి ఒకసారి, ఇంకా మిగిలితే 100కు, 150కు మరోసారి నడిపితే చాలావరకు మోత తగ్గుతుంది. ఆ అమరికను ఒక ప్రీసెట్‌గా దాచుకోవచ్చు కూడా. అడగవలసిన అవసరమే లేకపోయింది. వీఎల్‌సీలో అయితే ప్రిఫరెన్సుల కిటికీ అడుగున ఎడమవైపు ‘ఆల్’ ఎంచుకుంటే, మామూలుగా కనిపించని అమరికలు వందల్లో బయటపడతాయి. అక్కడ వెతకకుండా లేదని నిర్ధారణకు రాకూడదు.

రెండోది వెర్షను. స్టూడియో కంప్యూటరులో అయిదారేళ్ళ క్రితం ఎక్కించిన ప్రతే ఉంటే, మీరు అడగబోయేది ఈలోగా వచ్చేసి ఉండవచ్చు. హెల్ప్‌లో అబౌట్ తెరిచి అంకె రాసుకోండి, తాజా ప్రతిని ఎక్కించి మళ్ళీ చూడండి. ఇంకా ఓపిక ఉంటే, రాబోయే తరానికి చెందిన పరీక్షా ప్రతిని వేరే ఫోల్డరులో పెట్టి చూడండి. వీఎల్‌సీకి అటువంటివి రోజూ తయారవుతుంటాయి. వాటిని పెళ్ళి పని నడుస్తున్న యంత్రం మీద మాత్రం ఎక్కించవద్దు.

మూడోది, అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకునేది, లోపం అసలు ఎవరి దగ్గర ఉందో తేల్చుకోవడం. ఒక వీడియో తెర మీదికి రావడానికి పది రకాల సాఫ్ట్‌వేర్లు చేతులు కలుపుతాయి, అందులో సగం వేరే వేరే బృందాలవి. ఫైలును విప్పే పని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ది కావచ్చు, సబ్‌టైటిల్‌ను గీసే పని లిబాస్‌ది కావచ్చు, తెలుగు అక్షరాలను ఒత్తులతో కూర్చే పని హార్ఫ్‌బజ్‌ది కావచ్చు, చివరికి అక్షరం రూపం ఫాంటుది. తప్పు చోట అడిగితే, అక్కడివారు వినమ్రంగానే మరో చోటికి పంపుతారు, మీరు అక్కడితో విసిగిపోతారు.

అంబాజీపేటలో స్టూడియో నడిపే ఒక మిత్రుడి సమస్యను ఇందుకు ఉదాహరణగా తీసుకుందాం. జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియోకు ఆయన తెలుగు సబ్‌టైటిళ్ళు తయారుచేశారు. వీఎల్‌సీలో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. "మన ఫాంట్లు కూడా చూపించమని వాళ్ళకి చెప్తే పెట్టేస్తారంటారాండి?" అని అడిగారు. డీటీపీలో అలవాటు కొద్దీ ఆయన వాక్యాలన్నీ అను ఫాంటులో టైపు చేయించారు. ఆ పద్ధతిలో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు తొడిగినప్పుడే అవి తెలుగులా కనిపిస్తాయి. వీఎల్‌సీ చేసింది సరైన పనే. దాన్ని యూనికోడులోకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతిలోకి, మార్చుకోవడం ఆయన వైపు పని, దానికి మార్పిడి సాధనాలు దొరుకుతాయి. మార్చిన తరువాత దాచేటప్పుడు నోట్‌ప్యాడులో యూటీఎఫ్-8 ఎంచుకోవాలి; పాత విండోస్ నోట్‌ప్యాడు ఆన్సీ పద్ధతిలో దాచితే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది, ఆ అక్షరాలు ఇక తిరిగిరావు.

యూనికోడు సరిగ్గా ఉన్నా తేడా వస్తే అప్పుడు పరీక్ష ఇలా చేయాలి. ఒత్తులున్న పదం ఒకటి తీసుకోండి. ‘ద్రాక్షారామం’ ఇందుకు చక్కగా సరిపోతుంది: చూడడానికి నాలుగు అక్షరాలే అయినా కంప్యూటరుకు అది పన్నెండు సంకేతాల వరుస, అందులో రెండు చోట్ల పొల్లు తరువాత హల్లు వచ్చి ఒత్తుగా మారాలి. ఆ ఒక్క పదం ఉన్న సబ్‌టైటిల్ ఫైలును ప్లేయరులో తెరవండి. ‘ద్‌రాక్‌షారామం’ అని పొల్లు విడిగా కనిపిస్తే కూర్పులో లోపం; గళ్ళు కనిపిస్తే ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేదు, గౌతమినో నోటో సాన్స్ తెలుగునో ఎంచుకుంటే సరిపోతుంది. కూర్పు లోపమని తోస్తే, అదే పదాన్ని అదే ఫాంటుతో ఫైర్‌ఫాక్సులో చూడండి. అక్కడ సరిగ్గా ఉండి ప్లేయరులో చెడితే ప్లేయరును అడగవచ్చు. రెండు చోట్లా చెడితే ఫాంటు చేసినవారి తలుపు తట్టాలి. ఇంత తేల్చుకుని రాసిన అభ్యర్థనను చదివే డెవలపరుకు సగం పని తగ్గినట్టే.

ఆ తరువాత పాత అభ్యర్థనల్లో వెతకండి. అవి నమోదయ్యే వెబ్‌సైట్లుగా వీఎల్‌సీకి వీడియోలాన్ వారి గిట్‌ల్యాబు, ఆడాసిటీకి గిట్‌హబ్, కేడెన్‌లైవ్‌కు దాన్ని తయారుచేసే కేడీఈ వారి బగ్జిల్లా ఉన్నాయి. బగ్జిల్లాలో తీవ్రత దగ్గర ‘విష్‌లిస్ట్’ ఎంచుకుంటే అది కోరికగా నమోదవుతుంది. ఓబీఎస్‌కు ఆలోచనల కోసం ప్రత్యేక స్థలం ఉంది. జెల్లీఫిన్ కూడా కోరికలను బగ్గులతో కలపకుండా విడిగా తీసుకుంటుంది. అదే కోరిక ముందే ఉంటే కొత్తది తెరవకండి. ఉన్నదాని కింద ‘నాక్కూడా’ అని రాయడం కన్నా ఓటు గుర్తు నొక్కి ఊరుకోవడం మేలు, ఎందుకంటే మీరు రాసిన ప్రతి మాటా దాన్ని గమనిస్తున్న అందరికీ ఈమెయిలుగా వెళ్తుంది. అంతకుముందు ఎవరూ చెప్పని పరిస్థితి మీదైతే మాత్రం తప్పకుండా రాయాలి.

రాసే తీరు

ఇక్కడే చాలామంది తడబడతారు. తమకు తోచిన పరిష్కారాన్ని అడుగుతారు గానీ తమ ఇబ్బందిని చెప్పరు. డెవలపరుకు మీ పరిష్కారం నచ్చకపోవచ్చు, మీ ఇబ్బంది అర్థమైతే అంతకన్నా మంచి దారి ఆయనకు తోచవచ్చు. తేడా కనిపించేలా ఒకే కోరికను రెండు విధాలుగా రాసి చూపుతాను. వీఎల్‌సీలో ఆపిన వీడియోను ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం నొక్కి ఒక్కొక్క ఫ్రేము ముందుకు నడపవచ్చు, 3వ తరంలో వెనక్కి నడిపే మీట లేదు. ఇది ఎందరో ముందే అడిగినది కనుక మీరు మళ్ళీ పంపవలసినది కాదు, తీరు చూడడానికి మాత్రమే.

మొదటి విధం: "వీఎల్‌సీలో ఫ్రేము వెనక్కి వెళ్ళే బటను లేదు. వేరే ప్లేయర్లలో ఉంది. ఇంత చిన్న పని ఇన్నాళ్ళయినా ఎందుకు చేయలేదు? వెంటనే పెట్టండి."

రెండో విధం: "నేను పెళ్ళి వీడియోల నుంచి ఆల్బమ్ కోసం నిశ్చల చిత్రాలు ఎంచుతాను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఫ్లాషు వెలుగు పడని ఒక్క ఫ్రేము కావాలి. వీడియోను ఆపి, ఒక్కొక్క ఫ్రేము ముందుకు నడుపుతాను. ఒక నొక్కు ఎక్కువైతే కావలసిన ఫ్రేము దాటిపోతుంది, అప్పుడు కొన్ని సెకన్లు వెనక్కి దూకి మళ్ళీ మొదటి నుంచి నొక్కుకుంటూ రావాలి. ఒక ఆల్బమ్‌కు ఇలా చాలాసార్లు జరుగుతుంది. నా ఫైళ్ళు కెమెరా నుంచి నేరుగా వచ్చిన హెచ్.264, సెకనుకు 25 ఫ్రేములు. విండోస్ 10, వీఎల్‌సీ 3.0.20. వెనక్కి వెళ్ళడం కాస్త నెమ్మదిగా జరిగినా నాకు ఇబ్బంది లేదు, ఆపిన స్థితిలో మాత్రమే పనిచేసినా చాలు. పది సెకన్ల నమూనా ఫైలు జతచేశాను."

రెండో దానిలో చివరి నుంచి రెండో వాక్యాన్ని గమనించండి. నెమ్మదిగా ఉన్నా పర్వాలేదు, ఆపినప్పుడు మాత్రమే చాలు అనడం వల్ల అడిగిన పని చిన్నదయింది, దాన్ని చూసుకోవలసిన భారం కూడా తగ్గింది. ఇలా తగ్గించి అడగగలగాలంటే పని ఎక్కడ కష్టమో కొంతైనా తెలియాలి. ఈ సందర్భంలో కష్టం ఏమిటంటే, కుదించిన వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఒక పూర్తి బొమ్మ, అంటే కీఫ్రేము, తరువాత వచ్చేవన్నీ అంతకుముందు దానికీ దీనికీ ఏం మారిందో చెప్పే వివరాలు మాత్రమే. కొన్ని ఫ్రేములైతే ముందున్నవాటితో పాటు రాబోయేవాటి మీద కూడా ఆధారపడతాయి. హెచ్.264 అనే కుదింపు పద్ధతి కోసం విరివిగా వాడే ఎక్స్264 ఎన్‌కోడరు మనం వేరే చెప్పకపోతే కీఫ్రేముల మధ్య గరిష్ఠంగా 250 ఫ్రేముల దూరం ఉంచుతుంది, అంటే సెకనుకు 25 చొప్పున పది సెకన్లు. అటువంటి ఫైలులో ఒక్క ఫ్రేము వెనక్కి వెళ్ళాలంటే, కొన్ని సందర్భాల్లో ప్లేయరు వెనకటి కీఫ్రేముకు దూకి, అక్కడి నుంచి రెండు వందలకు పైగా ఫ్రేములను మళ్ళీ విప్పి, సరిగ్గా ఒకటి తక్కువలో ఆగాలి. ముందుకు వెళ్ళడానికి తరువాతి ఫ్రేమును విప్పితే చాలు. తెర మీద పక్కపక్కనే ఉండవలసిన రెండు బటన్ల వెనుక ఇంత తేడా ఉంది. "ఇంత చిన్న పని" అనే మాట అభ్యర్థనలో రాయకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

ఆల్బమ్ పని ఈ వారమే ఉంటే ఎంపీవీ అనే మరో ఓపెన్ సోర్సు ప్లేయరులో కామా మీట నొక్కితే ఫ్రేము వెనక్కి వెళ్తుంది. దాన్ని వాడుకుంటూనే వీఎల్‌సీలో జరిగే పనిని గమనిస్తూ ఉండవచ్చు.

భాష గురించి భయపడవద్దు. ముందు తెలుగులో పైన చూపినట్టు స్పష్టంగా రాసుకుని, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చండి. డెవలపర్లలో ఇంగ్లీషు మాతృభాష కానివారు చాలామంది. అలంకారాలు లేని వాక్యాలే వారికి తేలిక. తెలుగు అక్షరాలకు సంబంధించినదైతే రెండు బొమ్మలు జతచేయండి, ఎలా కనిపించాలో ఒకటి, ఎలా కనిపిస్తోందో ఒకటి. తెలుగు చదవలేని మనిషికి ఏది తప్పో మాటల్లో చెప్పలేము. వీఎల్‌సీలో కంట్రోల్‌తో ‘ఎమ్’ నొక్కితే సందేశాల కిటికీ తెరుచుకుంటుంది. వెర్బాసిటీని, అంటే సందేశాల్లో ఎంత వివరం రావాలో చెప్పే అంకెను, 2కు పెంచి, సమస్యను మళ్ళీ చూపించి, అక్కడ వచ్చినదాన్ని ఫైలుగా దాచి పంపండి. కంట్రోల్‌తో ‘జె’ నొక్కితే ఫైలు ఏ కోడెక్‌లో, అంటే ఏ కుదింపు పద్ధతిలో, ఉందో తెలుస్తుంది.

నమూనా ఫైలు విషయంలో మన స్టూడియోలు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. గ్రాహకుడి పెళ్ళి వీడియోను, అది పది సెకన్లే అయినా, అందరికీ కనిపించే చోట పెట్టే హక్కు మనకు లేదు. అదే కెమెరాను అదే అమరికతో పట్టుకుని లాకుల దగ్గర కాలువ గట్టునో, కొబ్బరి తోటనో పది సెకన్లు తీసి, ఆ ఫైలులో కూడా సమస్య వస్తోందో లేదో చూసుకుని దాన్ని పంపండి. పాత ఫైలునే కోయవలసి వస్తే లాస్‌లెస్‌కట్ వంటి సాధనంతో, మళ్ళీ ఎన్‌కోడు చేయకుండా కోయాలి. మళ్ళీ ఎన్‌కోడు చేస్తే సమస్యకు కారణమైన లక్షణమే మాయమైపోవచ్చు.

పంపిన తరువాత

వారాల పాటు జవాబు రాకపోవచ్చు. వచ్చిన మొదటి జవాబు ప్రశ్నే కావచ్చు, దానికి త్వరగా బదులు చెప్పాలి. కేడీఈ బగ్జిల్లాలో అడిగిన వివరం ఇవ్వకుండా పదిహేను రోజులు గడిస్తే గుర్తుచేస్తుంది, ముప్పై రోజులకు దానంతటదే మూసేస్తుంది. మాఘమాసం ముహూర్తాల్లో ఈమెయిలు చూసే తీరిక ఉండదనుకుంటే, ఆ రద్దీ ముగిసిన తరువాతే అభ్యర్థన పంపడం మంచిది. ఊరికే ‘ఏమైంది’ అని అడగకండి. కొత్త వెర్షను వచ్చినప్పుడు అందులో కూడా చూసి, ఫలితం రాస్తే అదే గౌరవంగా గుర్తుచేయడం.

విడుదలల వేళలు కూడా తెలిసి ఉండాలి. కేడెన్‌లైవ్ ఏటా ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు నెలల్లో పెద్ద విడుదలలు ఇస్తుంది. విడుదలకు కొన్ని వారాల ముందు నుంచి కొత్త సదుపాయాలు చేర్చడం ఆపి, ఉన్నవాటి లోపాలు మాత్రమే దిద్దుతారు. ఆ సమయంలో అడిగినది తరువాతి విడతకు వెళ్తుంది.

వద్దంటే వద్దన్న కారణాన్ని చదవండి. ‘డూప్లికేట్’ అంటే ముందే ఎవరో అడిగారు, అక్కడికి వెళ్ళాలి. ‘అప్‌స్ట్రీమ్’ అంటే లోపం వారు వాడుకునే మరో సాఫ్ట్‌వేరులో ఉంది, అక్కడ అడగాలి. ‘వోంట్‌ఫిక్స్’ అంటే వాదించడం వల్ల మారదు. అది ఆ బృందం భారం మోయలేనని చెప్పడం, మీ అవసరం అబద్ధమని చెప్పడం కాదు. అప్పుడు మిగిలే దారుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది పొడిగింపు రాయించుకోవడం. వీఎల్‌సీ, ఎంపీవీ రెండూ లువా భాషలో రాసిన స్క్రిప్టులను తీసుకుంటాయి, ఆడాసిటీ నైక్విస్టు భాషలో రాసిన ఎఫెక్టులను తీసుకుంటుంది. అమలాపురంలోనో భీమవరంలోనో ఇంజనీరింగు చదివే విద్యార్థికి ఇది ఒక సెలవుల పని. ప్రధాన కోడులో చేరకపోయినా మీ పని జరుగుతుంది, బాగుంటే పదిమంది వాడతారు. ప్రధాన కోడులోకే పంపదలిస్తే మాత్రం, కోడు మొత్తం రాసి చూపడానికి ముందు రెండు వాక్యాల్లో ఉద్దేశం చెప్పి అంగీకారం తీసుకోవాలి. అడగకుండా తెచ్చిన వెయ్యి వరుసల కోడును చదవడం కూడా వారికి భారమే.

డబ్బు దారి ఒకటుంది. కేడెన్‌లైవ్ 2022లో విరాళాలు సేకరించింది. దానిలో ముందే ప్రకటించిన లక్ష్యాల్లో ఒకటైన, ఒక టైమ్‌లైనులో మరో టైమ్‌లైను పెట్టే సదుపాయం 2023 ఏప్రిల్ విడుదలలో వచ్చింది. పెళ్ళి, రిసెప్షను, వ్రతం విడివిడిగా కూర్చి ఒకే వీడియోలో కలిపేవారికి ఇది ఎంత ఉపయోగమో చెప్పనక్కరలేదు. అయితే విరాళం ఇచ్చినంత మాత్రాన మీ సొంత కోరిక ముందుకు వస్తుందని అనుకోకండి, డబ్బు ప్రకటించిన పనులకు వెళ్తుంది. అనువాదానికి అయితే ఎవరి వరుసా అడ్డు రాదు. అనువాదాలు చేర్చే వెబ్‌సైట్ల ద్వారా, అంటే వీఎల్‌సీ ట్రాన్సిఫెక్సులో, ఓబీఎస్ క్రౌడిన్‌లో, టీవీలో సినిమాలు చూపే కోడి అనే సాఫ్ట్‌వేరు, జెల్లీఫిన్ వెబ్‌లేట్‌లో తెలుగు పదాలను తీసుకుంటాయి.

మీ కోరిక మన్నించి ఎవరైనా కోడు రాస్తే, అది చేరిన పరీక్షా ప్రతిని వెంటనే తెచ్చి, మొదట పంపిన అదే నమూనా ఫైలుతో నడిపి, పనిచేసిందో లేదో అక్కడే రాయండి. ఆ ఫైలును ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చని ఒక వాక్యం కూడా చేర్చండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ బృందం ఫేట్ అనే పరీక్షల వ్యవస్థలో ఇటువంటి నమూనా ఫైళ్ళను దాచి, కోడు మారినప్పుడల్లా వాటి మీద నడిపి చూస్తుంది; అనుమతి స్పష్టంగా రాసి లేని ఫైలును అలా వాడుకోవడానికి వెనకాడతారు.